ఐరన్ మాత్ర పడకపోతే ఏం చేయాలి

రక్తం తక్కువగా ఉందని డాక్టరు రాసిచ్చిన ఐరన్ మాత్రలను వారం పది రోజులు వేసుకుని, "నాకవి పడలేదు" అంటూ అలమరలో పడేసినవారు మన బంధువర్గంలో ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు. "పడలేదు" అన్నది మనం చాలా ధారాళంగా వాడే మాట. కడుపులో తిప్పినా, మలబద్ధకం వచ్చినా, నోట్లో తుప్పు రుచి తగిలినా, ఒళ్లు వేడి చేసినట్టు అనిపించినా, మలం నల్లగా కనిపించి భయం వేసినా అన్నిటికీ అదే మాట చాలుతుంది. ఆ మాట అన్నాక మందూ ఆగిపోతుంది, మాటా ఆగిపోతుంది, రక్తం మాత్రం తక్కువగానే ఉండిపోతుంది. పడనిది ఏమిటి? మాత్రా, దాని మోతాదా, వేసుకున్న వేళా, దానితోపాటు కడుపులోకి వెళ్లిన మరొకటా? ఈ ప్రశ్నను ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ వెళ్లే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

నా అనుభవం ముందే చెప్పడం మంచిది. నాకు హిమోగ్లోబిన్ 8.4 ఉన్నప్పుడు రోజూ విశాఖపట్నంలోని ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడలోని బడికి బస్సులో వెళ్లేదాన్ని. పరగడుపున వేసుకుంటే ఐరన్ ఒంటికి బాగా పడుతుందని విని, ఉదయం ఆరింటికి 100 మిల్లీగ్రాముల మాత్ర మింగి, పది నిమిషాలకు కాఫీ తాగి బయలుదేరేదాన్ని. మూడో రోజు ఇసుకతోట దాటేసరికి నోట్లో నీళ్లూరడం మొదలై, హనుమంతవాక కూడలిలో బస్సు దిగి రోడ్డు పక్కన వాంతి చేసుకున్నాను. సాయంత్రం మా వీధి చివరి మందుల షాపులో ఈ సంగతి చెబితే ఒక గ్యాస్ మాత్ర ఇచ్చి, రెండూ కలిపి పొద్దున్నే వేసుకోమన్నారు. వాంతులు తగ్గాయి, నేనూ సంతోషించాను. నెల తర్వాత పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. కడుపులో ఆమ్లం తగ్గితే ఐరన్ ఒంటికి పట్టడం కూడా తగ్గుతుందని నాకు తెలియదు, షాపులో ఎవరూ చెప్పలేదు.

ముందుగా: మీరే సర్దుకోకూడని పరిస్థితులు

కింద చెప్పబోయే మార్పులు నిదానంగా చేసుకోదగినవి. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువగా ఉన్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, మలంలో ఎర్రటి రక్తం కనిపిస్తున్నా, నెలలు నిండుతున్న గర్భిణికి రక్తం బాగా తక్కువగా ఉన్నా వేళలు మార్చి చూద్దామని ఇంట్లో కూర్చోకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. గర్భిణులు ఈ వ్యాసంలోని ఏ మార్పునైనా తమను చూస్తున్న డాక్టరును అడిగాకే చేయాలి, ఎందుకంటే వారికి వ్యవధి తక్కువ, అవసరం ఎక్కువ.

రిపోర్టును మళ్లీ ఒకసారి చూడండి

హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్న ప్రతివారికీ ఐరన్ లోపమే కారణం కాదు. డెసిలీటరు రక్తంలో హిమోగ్లోబిన్ గర్భిణి కాని స్త్రీలలో 12, పురుషులలో 13, గర్భిణులలో 11 (నాలుగు నుంచి ఆరో నెల వరకు 10.5) గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయితే ఆ తక్కువ ఐరన్ వల్లనేనా అని తెలియాలంటే ఫెరిటిన్ పరీక్ష కావాలి. ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్ ఎంతో ఫెరిటిన్ చెబుతుంది. అది 15 కంటే తక్కువ ఉంటే నిల్వ అడుగంటినట్టే. 30 లోపు ఉన్నా చాలామంది డాక్టర్లు లోపంగానే భావించి చికిత్స చేస్తారు. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాపు వంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ పైకి పెరుగుతుంది కనుక, ఆ సమయంలో వచ్చిన "నార్మల్" అంకెను చూసి లోపం లేదని అనుకోకూడదు.

ఇక్కడ ఇంకొక జాగ్రత్త ఉంది. రిపోర్టులో ఎంసీవీ (ఎర్రరక్తకణాల సగటు పరిమాణం) బాగా తక్కువగా ఉండి, ఎర్రరక్తకణాల సంఖ్య మాత్రం మామూలుగానో కాస్త ఎక్కువగానో ఉంటే అది తలసీమియా మైనర్ కావచ్చు. అది వంశపారంపర్యంగా వచ్చే లక్షణం, ఐరన్ లోపం కాదు. వారికి ఫెరిటిన్ సరిగా ఉన్నప్పుడు నెలల తరబడి ఐరన్ ఇచ్చినా హిమోగ్లోబిన్ కదలదు, కడుపు మాత్రం పాడవుతుంది. పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ అనే మరో వంశపారంపర్య రక్త లక్షణం కూడా కనిపిస్తుంది కనుక, అక్కడివారు మాత్రలు పనిచేయడం లేదని అనిపించినప్పుడు ఆ పరీక్ష కూడా చేయించుకోవడం అవసరం. లేని లోపానికి మందు మింగి, అది పడలేదని బాధపడటం కంటే వృథా ప్రయాస లేదు.

"పడలేదు" అన్నదాన్ని విడదీసి రాసుకోండి

ఒక వారం పాటు చిన్న కాగితం మీద మూడే విషయాలు రాయండి: మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు, దానికి ముందూ వెనుకా రెండు గంటల్లో ఏం తిన్నారు లేదా తాగారు, ఏ ఇబ్బంది ఎప్పుడు వచ్చింది. ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కానీ "పడటం లేదండీ" అని చెబితే డాక్టరు గారు అలవాటుగా ఒక గ్యాస్ మాత్ర రాయవచ్చు. "వేసుకున్న అరగంటకు వికారం వస్తోంది, రెండు గంటలకు తగ్గుతోంది, మలబద్ధకం లేదు" అని చెబితే మాత్రం ఏం మార్చాలో ఆయనకూ తెలుస్తుంది.

వికారం, కడుపు నొప్పి, పొట్ట పైభాగంలో మంట సాధారణంగా ఒక్కసారి వేసుకునే మోతాదు ఎక్కువైనప్పుడు వస్తాయి. మలబద్ధకం, కొందరిలో విరేచనాలు ఒంటికి పట్టకుండా పేగులో మిగిలిపోయిన ఐరన్ వల్ల కలుగుతాయి. మలం నల్లబడటం అసలు ఇబ్బందే కాదు, ఆ మిగులు రంగు మాత్రమే. అయితే ఐరన్ వల్ల వచ్చే నలుపు ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపులా, మామూలు గట్టితనంతో ఉంటుంది. తారులాగా జిగటగా, మెరుస్తూ, భరించలేని వాసనతో ఉంటే అది కడుపులో రక్తస్రావానికి గుర్తు, వెంటనే చూపించుకోవాలి. ఇక "వేడి చేసింది" అనే ఫిర్యాదు విషయం. వేడి తగ్గాలని చాలామంది మాత్రను మజ్జిగతో మింగుతారు. మజ్జిగలోని కాల్షియం ఐరన్‌కు అడ్డుపడుతుంది కనుక, చలవ చేసినట్టు అనిపించినా మందు పని తగ్గుతుంది. మాత్రను మంచినీళ్లతోనే మింగండి, మజ్జిగను భోజనంలో తాగండి.

స్ట్రిప్ వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవండి

ముందువైపు పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టిన పేరు. మీకు కావలసింది వెనుక ఉండే "ఎలిమెంటల్ ఐరన్" అన్న మాట పక్కన ఉన్న అంకె. మాత్రలో ఉండేది ఐరన్ లవణం, ఆ లవణం బరువు అంతా ఐరన్ కాదు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో దాదాపు మూడో వంతు, ఫెర్రస్ గ్లూకోనేట్‌లో ఎనిమిదో వంతు మాత్రమే అసలు ఐరన్. 200 మిల్లీగ్రాముల ఎండు ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఉండే ఐరన్ సుమారు 65 మిల్లీగ్రాములు. మన షాపుల్లో ఎక్కువగా ఇచ్చే ఫెర్రస్ ఆస్కార్బేట్ మాత్రల్లో చాలావాటిలో 100 మిల్లీగ్రాముల అసలు ఐరన్ ఉంటుంది. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే ఎర్ర బిళ్లలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం ప్రకారం నాలుగో నెల నుంచి 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు దీన్ని రోజుకొకటి వేసుకోవాలి. ఆశా కార్యకర్తలు ఉచితంగా ఇస్తున్నారని దాన్ని తక్కువ రకంగా చూడటం అలవాటైపోయింది కానీ, షాపులో కొన్న 100 మిల్లీగ్రాముల మాత్ర పడనివారికి ఈ 60 మిల్లీగ్రాములదే కొంత సుఖంగా ఉండవచ్చు.

మీరు రోజుకు రెండు లేదా మూడు మాత్రలు వేసుకుంటున్నట్టయితే మొదట డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒకటే: "రోజుకు ఒకటి సరిపోదా?" బ్రిటన్ జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు రోజుకు ఒక్క మాత్రతోనే చికిత్స మొదలుపెట్టమంటున్నాయి. పూతపూసిన మాత్రను సగానికి విరవడం, క్యాప్సూల్ విప్పి పొడి మింగడం వంటి సొంత ప్రయోగాలు వద్దు. చిన్న మోతాదు కావాలంటే సిరప్ ఉంది. దాన్ని కొలిచి తీసుకోవచ్చు, కాకపోతే పళ్లకు నల్లని మరక పట్టకుండా స్ట్రాతో తాగి నోరు పుక్కిలించాలి.

వేళ, ఎడం

భోజనానికి గంట ముందు లేదా రెండు గంటల తర్వాత వేసుకున్న ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, ఉదయం పూట ఇంకా బాగా పడుతుంది. కానీ ఆ సలహా కడుపు సహకరించేవారికి. పరగడుపున వాంతి అయ్యేవారు రెండు ఇడ్లీలు తిన్న తర్వాతో, మధ్యాహ్నం కొద్దిగా అన్నం తిన్న తర్వాతో వేసుకోవచ్చు. ఒంటికి పట్టేది కొంత తగ్గుతుంది. అయినా సగం పట్టే మాత్ర అలమరలో ఉండిపోయే మాత్ర కంటే మేలు. రాత్రి వేసుకుంటే వికారం తెలియకుండా నిద్రపట్టేస్తుందని కొందరంటారు, అదీ తప్పు కాదు. కానీ మాత్ర మింగిన వెంటనే పడుకోకండి. అది అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంటైనా కూర్చోండి.

మాత్రతో పాటు ఏవి కలవకూడదో తెలుసుకోవడం వేళ కంటే ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే మన ఇళ్లలో పొద్దున్న వేళ అంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. టీ, కాఫీ ఐరన్ పట్టడాన్ని సగానికి పైగా తగ్గించగలవు. కాబట్టి మాత్రకు ముందు గంట, తర్వాత రెండు గంటలు వాటిని దూరం పెట్టాలి. పాలు, పెరుగు, కాల్షియం మాత్రలు కూడా అడ్డే. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ ఇస్తారు కనుక, రెండు పొట్లాలనూ ఒకే చేత్తో విప్పి ఒకే గుక్కలో మింగేయడం మామూలైపోయింది. వాటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు నాలుగు గంటల ఎడం పాటించాలి, లేకపోతే ఐరన్ దాన్ని కూడా పనిచేయనివ్వదు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు ఐరన్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. గ్యాస్ మాత్ర నిజంగా అవసరమేనా, లేక ఐరన్ తెచ్చిన మంటకు విరుగుడుగా మాత్రమే వచ్చి చేరిందా అని కూడా అడగండి. నా విషయంలో రెండోదే నిజమైంది.

విటమిన్ సి గురించి ఒక మాట. నిమ్మరసంతో మాత్ర వేసుకుంటే మంచిదే. అందుకోసం విడిగా విటమిన్ సి మాత్రలు కొనాల్సిన పని లేదు. 2020లో చైనాలో వెలువడిన ఒక పరీక్షలో ఐరన్ ఒక్కటే తీసుకున్నవారికీ, విటమిన్ సి కలిపి తీసుకున్నవారికీ హిమోగ్లోబిన్ దాదాపు ఒకేలా పెరిగింది. గుండెల్లో మంట ఉన్నవారికి పరగడుపున నిమ్మరసం మరింత మంట తెస్తుంది, వారు మానేయవచ్చు.

రోజు విడిచి రోజు

ఈ మార్గం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాత్ర ఎక్కువ వేసుకుంటే రక్తం ఎక్కువ పడుతుందన్నది మనందరి నమ్మకం. ఒళ్లు అలా పనిచేయదు. కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తుంది. ఒంట్లోకి ఐరన్ ఒక్కసారిగా వచ్చినప్పుడు అది పెరిగి, ఇక చాలంటూ పేగు నుంచి రక్తంలోకి ఐరన్ వెళ్లే దారిని మూసేస్తుంది. 60 మిల్లీగ్రాములు లేదా అంతకు మించిన మాత్ర వేసుకుంటే హెప్సిడిన్ దాదాపు ఒక రోజంతా పెరిగే ఉంటుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2015లో చూపించారు. అంటే ఈ రోజు మాత్ర ప్రభావం తగ్గకముందే రేపటి మాత్ర వస్తే, దానిలో ఎక్కువ భాగం పట్టకుండా పేగులోనే ఉండిపోతుంది. అలా ఉండిపోయినదే మలబద్ధకానికీ, కడుపు నొప్పికీ కారణమవుతుంది.

2017లో వారే ఐరన్ తక్కువగా ఉన్న యువతులకు 14 మాత్రలు ఇచ్చి చూశారు. రోజూ వేసుకున్నవారిలో మాత్రలోని ఐరన్‌లో సుమారు 16 శాతం, రోజు విడిచి రోజు వేసుకున్నవారిలో సుమారు 22 శాతం ఒంటికి పట్టింది. ఈ లెక్కలో గమనించవలసినది ఒకటుంది. రెండో గుంపువారికి ఆ 14 మాత్రలు పూర్తి కావడానికి 28 రోజులు పట్టింది. ఒక్కో మాత్ర ఎక్కువ ఫలితం ఇచ్చింది, చికిత్స మాత్రం ఎక్కువ రోజులు సాగింది. కనుక రోజూ మాత్ర పడుతున్నవారు దీనికి మారాల్సిన అవసరం లేదు. పడనివారికి, తొందర లేనివారికి మాత్రం ఇది మంచి మార్గం, పైన చెప్పిన బ్రిటన్ మార్గదర్శకాలు కూడా ఈ అవకాశం ఇస్తున్నాయి.

దీనితో వచ్చే చిక్కు గుర్తుపెట్టుకోవడమే. నిన్న వేసుకున్నానా, మొన్నా అన్న సందేహం మూడో వారంలో తప్పకుండా వస్తుంది. సరి తేదీల్లో వేసుకోవచ్చు. 30 తర్వాత 31 వచ్చే నెలల్లో ఒక రోజు ఎక్కువ ఎడం వస్తుంది, దానివల్ల నష్టం లేదు. నేను సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకున్నాను. వంటింటి గోడ మీది క్యాలెండర్లో ఆ రోజుల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, వేసుకున్నాక దానిలో అడ్డగీత గీసేదాన్ని. బడి ఉన్న రోజుల్లో ఉదయం మానేసి సాయంత్రం నాలుగున్నరకు, కాఫీకి ముందు, రెండు మేరీ బిస్కెట్లు తిని వేసుకున్నాను. కాఫీ ఆరున్నరకు జరిగింది. మొదటి వారం ఆ కాఫీ ఆలస్యమే మాత్ర కంటే ఎక్కువ బాధపెట్టిందని ఒప్పుకోవాలి.

మాత్ర రకం మార్చడం

వేళ, మోతాదు, ఎడం సరిచేసి రెండు మూడు వారాలు చూసినా ఇబ్బంది తగ్గకపోతే అప్పుడు రకం మార్చమని అడగండి. ఫెర్రస్ సల్ఫేట్ పడనివారికి గ్లూకోనేట్ కొంత తేలికగా ఉంటుంది, ముఖ్యంగా దానిలో ఐరన్ తక్కువ కాబట్టి. బిస్‌గ్లైసినేట్ రకం కొందరి కడుపుకు నెమ్మదిగా ఉంటుంది, ధర మాత్రం ఎక్కువ. పాలీమాల్టోజ్ రకంతో ఇబ్బందులు తక్కువే కానీ రక్తం పెరగడం కూడా నెమ్మదే కావచ్చు, కనుక అది వాడేవారు పరీక్ష ఆలస్యం చేయకూడదు. కడుపులో కరగకుండా పేగులోకి వెళ్లి నిదానంగా విడుదలయ్యేలా చేసిన క్యాప్సూళ్లను "సైడ్ ఎఫెక్ట్స్ లేనివి" అని చెప్పి అమ్ముతుంటారు. ఐరన్‌ను ప్రధానంగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. ఆ భాగం దాటిపోయాక విడుదలైన ఐరన్ ఇబ్బంది పెట్టకపోవచ్చు, ఉపయోగమూ అంతంతే.

మలబద్ధకం ఒక్కటే సమస్య అయితే రకం మార్చక్కర్లేదు. నీళ్లు పెంచి, బీరకాయ, పొట్లకాయ, జామకాయ వంటివి తిని, రాత్రి పడుకునే ముందు ఇసబ్గోల్ వేసుకుంటే చాలామందికి సరిపోతుంది.

తిండి ఎంతవరకు

మాత్ర పడలేదని చెప్పగానే ఇంట్లో పెద్దవాళ్లు అనకాపల్లి బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ అంటారు. వారి ప్రేమను కాదనక్కర్లేదు కానీ లెక్క చూడాలి. పది గ్రాముల బెల్లం ముక్కలో ఐరన్ అర మిల్లీగ్రాముకు అటూఇటుగా ఉంటుంది, అందులో ఒంటికి పట్టేది ఇంకా కొద్ది. బీట్‌రూట్ రంగే ఎరుపు. ఏర్పడిన లోపాన్ని తిండి ఒక్కటే తీర్చడం చాలా కష్టం, తీరిన లోపం మళ్లీ రాకుండా మాత్రం తిండి బాగా కాపాడుతుంది.

మాంసాహారులకు మేక కార్జం, మాంసం, చేపలు మంచివి, ఎందుకంటే వాటిలోని ఐరన్ మొక్కలలోని దాని కంటే ఒంటికి బాగా పడుతుంది, పైగా పక్కనున్న అన్నం, కూరలలోని ఐరన్‌ను కూడా పట్టేలా చేస్తుంది. ఫిషింగ్ హార్బర్‌లో చవకగా దొరికే కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు ఖరీదైన చేపలకు ఏమాత్రం తీసిపోవు. కార్జంలో విటమిన్ ఎ మోతాదు చాలా ఎక్కువ కాబట్టి గర్భిణులు దాన్ని తినకపోవడమే క్షేమం. శాకాహారులు పప్పులు, శనగలు, ఆకుకూరలతో పాటు ఏదో ఒక పులుపు పండు లేదా నిమ్మరసం ఉండేలా చూసుకోవాలి. రైతు బజారులో కొన్న తోటకూర కట్టను పప్పులో వేసి, తినేముందు నిమ్మకాయ పిండుకోవడం ఖర్చులేని పని. మన ఉత్తరాంధ్ర చోడి అంబలి కూడా ఇక్కడ పనికొస్తుంది. చోళ్లలో ఐరన్‌ను పట్టనివ్వని ఫైటేట్లు ఉంటాయి, పిండిని రాత్రంతా పులియబెట్టడం వల్ల అవి తగ్గుతాయి. ఇనప మూకుడులో పులుసు కూరలు వండితే కొంత ఐరన్ కూరలోకి దిగుతుంది, కాకపోతే వండగానే వేరే గిన్నెలోకి తీసేయాలి. భోజనం చేసిన వెంటనే టీ తాగే అలవాటు ఉన్నవారు ఈ జాగ్రత్తలన్నిటికంటే ముందు దాన్ని గంటన్నర వెనక్కి జరపాలి.

పచ్చి బియ్యం, బలపాలు, ఐసు ముక్కలు తినాలనిపించడం ఐరన్ లోపం లక్షణాలలో ఒకటి. ఇంట్లో ఆడపిల్ల బలపం నములుతుంటే తిట్టడం కంటే రక్త పరీక్ష చేయించడం న్యాయం.

రక్తం ఎటు పోతోందో తెలుసుకోండి

బొక్కెనకు చిల్లు ఉంటే ఎన్ని నీళ్లు పోసినా నిండదు. స్త్రీలలో నెలసరి ఏడు రోజులకు మించి ఉండటం, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడటం ఉంటే గైనకాలజిస్టును కలవాలి. "మా ఇంట్లో అందరికీ ఇంతే" అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. మొలలు, రోజూ వేసుకునే నొప్పుల మాత్రలు, కడుపులో పుండు, నులిపురుగులు మరికొన్ని కారణాలు. పురుషులలో, నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఐరన్ లోపం కనిపిస్తే జీర్ణకోశంలో ఎక్కడైనా రక్తం కారుతోందేమో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ ద్వారా చూడవలసిందే. వీరిలో కొందరికి పేగు క్యాన్సర్ మొదటి సూచన ఈ రక్తహీనతే కావచ్చు. మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగిందన్న సంతోషంలో ఆ పరీక్షను వాయిదా వేయకండి.

సెలైన్ ద్వారా ఐరన్ ఎప్పుడు

రెండు రకాల మాత్రలను సరైన పద్ధతిలో వాడినా తట్టుకోలేనప్పుడు, వాడినా రక్తం పెరగనప్పుడు, పేగు జబ్బులు లేదా బరువు తగ్గే శస్త్రచికిత్స వల్ల ఐరన్ పట్టనప్పుడు, కాన్పు దగ్గరపడినప్పుడు నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. ఇది ఓటమి కాదు, అలాగని నీరసంగా ఉందని అడిగి ఎక్కించుకునే "బలం సెలైన్" కూడా కాదు. గర్భం మొదటి మూడు నెలల్లో దీన్ని ఇవ్వరు. పిరుదుకు వేసే ఐరన్ ఇంజెక్షన్ నొప్పి, మరక రెండూ మిగులుస్తుంది, ఇప్పుడు దాని అవసరం తక్కువ.

ఎంత ఐరన్ కావాలో డాక్టర్లు ఇలా లెక్కిస్తారు: బరువును, కావలసిన హిమోగ్లోబిన్‌కూ ఉన్నదానికీ మధ్య తేడాతో గుణించి, దాన్ని 2.4తో గుణించి, నిల్వ కోసం 500 కలుపుతారు. 55 కిలోల బరువు, 8.5 హిమోగ్లోబిన్ ఉన్న స్త్రీకి 15 లక్ష్యంగా పెట్టుకుంటే దాదాపు 1,360 మిల్లీగ్రాములు వస్తుంది. ఐరన్ సుక్రోజ్ అయితే సాధారణంగా 200 చొప్పున అనేకసార్లు వెళ్లాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒక్కసారికి 1,000 వరకు ఎక్కించవచ్చు కాబట్టి రెండు సార్లలో పూర్తవుతుంది, మందు ఖరీదు మాత్రం ఎక్కువ. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో, ఘోషాసుపత్రి అని మనం పిలిచే విక్టోరియా ఆసుపత్రిలోనో చూపించుకుంటున్నవారు తమకు ఏ రకం ఇస్తారో ముందే అడిగితే ఎన్నిసార్లు రావాలో, పని ఎన్ని రోజులు మానుకోవాలో తెలుస్తుంది.

తీవ్రమైన ఎలర్జీ అరుదే అయినా వచ్చే అవకాశం ఉంది కనుక, అత్యవసర చికిత్స చేయగల చోటే ఎక్కించుకోవాలి, అయిపోయాక అరగంట అక్కడే ఉండాలి. ఇంటికి వచ్చి ఎక్కిస్తామనేవారిని నమ్మకండి. సూది ఉన్నచోట మంట లేదా వాపు మొదలైతే వెంటనే చెప్పండి, ఎందుకంటే మందు బయటికి కారితే చర్మం మీద గోధుమరంగు మరక చాలాకాలం ఉండిపోతుంది. ఒకటి రెండు రోజులు తలనొప్పి, ఒళ్లునొప్పులు రావచ్చు. కార్బాక్సీమాల్టోజ్ తీసుకున్న కొన్ని వారాలకు నీరసం, ఎముకల నొప్పి పెరిగితే ఫాస్ఫేట్ తగ్గిందేమో చూడమని అడగండి.

మళ్లీ పరీక్ష, ఎప్పుడు ఆపాలి

పద్ధతి మార్చిన నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ చూడండి. రోజూ మాత్ర వేసుకునేవారిలో కనీసం 1 గ్రామైనా పెరిగి ఉండాలి. రోజు విడిచి రోజు వారికి ఇంకొంచెం సమయం ఇవ్వవచ్చు. అసలు కదలకపోతే అదే పద్ధతిని ఇంకో మూడు నెలలు సాగదీయకుండా కారణం వెతకాలి. సీరం ఐరన్ పరీక్ష కూడా రాసి ఉంటే ఆ ఉదయం మాత్ర వేసుకోకండి, అంకె లేనిపోని ఎత్తు చూపిస్తుంది.

హిమోగ్లోబిన్ 12 దాటిన రోజే మాత్రలు ఆపేయడం చాలామంది చేసే తప్పు. అప్పటికి రక్తం నిండుతుంది కానీ నిల్వ నిండదు, కాబట్టి మరో మూడు నెలలు వేసుకోవాలి. నాకు సోమ, బుధ, శుక్రవారాల లెక్కన 12.1 రావడానికి ఐదు నెలలు పట్టింది, ఆ తర్వాత ఇంకో మూడు నెలలు వేసుకున్నాక ఫెరిటిన్ 41 వచ్చింది. ఇన్ని నెలలు ఇంట్లో మాత్రలు ఉంటాయి కనుక వాటిని పిల్లలకు అందని ఎత్తులో, తాళం ఉన్నచోట పెట్టండి. ఎర్రగా, తీపి పూతతో ఉండే ఆ బిళ్లలు చిన్నపిల్లల కంటికి చాక్లెట్లలా కనిపిస్తాయి, గుప్పెడు మింగితే ప్రాణం మీదికి వస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి అయ్యేదాకా చూడకుండా, ఖాళీ స్ట్రిప్ చేతిలో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.